పికప్‌లు మార్చిన ఎలక్ట్రిక్ గిటార్: ఉన్నది ఉన్నట్టు అమ్మాలా, ఊడదీసి విడిగా అమ్మాలా?

పికప్‌ల మీద, అంటే తీగల కింద ఉండి వాటి కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగాల మీద, పెట్టిన డబ్బు గిటార్ ధరలో తిరిగి రాదు. ఈ ఒక్క మాట ముందే మనసులో పెట్టుకుంటే మిగతా నిర్ణయాలన్నీ సులువవుతాయి. బ్రిడ్జ్‌లో (తీగలు బాడీకి ఆనే వైపు) సేమర్ డంకన్ కంపెనీ పికప్ వేయించాం, నెక్‌లో (మెడ వైపు) ఇంకోటి వేయించాం, మొత్తం 20 వేలయింది కాబట్టి గిటార్ రేటు కూడా అంత పెరగాలి అనుకుని యాడ్ పెట్టేవాళ్లను చాలామందిని చూశాను. నెలలు గడుస్తాయి, "అన్నా, లాస్ట్ ఎంత?" అనే మెసేజ్‌లు తప్ప బేరం కుదరదు. చివరికి విసిగిపోయి మామూలు గిటార్ రేటుకే పికప్‌లతో సహా ఇచ్చేస్తారు. నాకైతే అది చూస్తే నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే ఆ పికప్‌లకు విడిగా మంచి గిరాకీ ఉంటుంది.

ఇలా ఎందుకవుతుందంటే, సెకండ్ హ్యాండ్ గిటార్ కొనేవాళ్లు వెతికేది గిటార్ పేరుతో. స్క్వయర్ స్ట్రాట్, ఐబనెజ్ ఆర్‌జీ, ఎపిఫోన్ లెస్ పాల్, యమహా పసిఫికా అని కొట్టి చూస్తారు, అదే మోడల్ కొత్తది ఎంతుందో పక్కనే చూసుకుంటారు. వాళ్ల మనసులో పైగీత అక్కడే పడిపోతుంది. పాత బండికి అలాయ్ వీల్స్ వేయించినా కొనేవాడు మోడల్, సంవత్సరం చూసే రేటు చెబుతాడు కదా, ఇదీ అంతే. మొదటి ఎలక్ట్రిక్ గిటార్ కొనుక్కునే ఇంజినీరింగ్ స్టూడెంట్‌కి "బ్రిడ్జ్‌లో జేబీ ఉంది" అంటే ఏమీ అర్థం కాదు. జేబీ అంటే సేమర్ డంకన్ పికప్ మోడల్ ఒకటి. అది తెలిసినవాడి దగ్గర ఇప్పటికే ఓ గిటార్ ఉంటుంది, అతనికి కావాల్సింది మీ గిటార్ కాదు, అందులోని పికప్. అంటే ఇక్కడ ఇద్దరు వేర్వేరు కొనుగోలుదార్లున్నారు. ఆ ఇద్దరినీ ఒకే యాడ్‌తో పట్టాలనుకోవడం దగ్గరే అసలు ఇబ్బంది.

ఊరికే ఓ లెక్క వేద్దాం. రేట్లు మారుతూ ఉంటాయి కాబట్టి ఇవి ఉదాహరణకే. కొత్తది 25 వేలుండే గిటార్, వాడింది 14 వేలకు పోతుందనుకోండి. అందులో కొత్తవి 20 వేలు పెట్టి వేయించిన రెండు హంబకర్లు (రెండు కాయిళ్లుండే పికప్‌లు) ఉన్నాయి. అలాగే అమ్మితే, బాగా తెలిసినవాడు దొరికితే 17 వేలు, మహా అయితే 18 వేలు. అదే పాత పికప్‌లు తిరిగి బిగించి గిటార్‌ని 14 వేలకు, హంబకర్లను సగం రేటుకైనా విడిగా అమ్మితే మొత్తం 24 వేలు. ఇద్దరు బేరమాడి తగ్గించినా, టెక్నీషియన్‌కి కూలీ ఇచ్చినా తేడా మిగులుతుంది. మీరు మీ గిటార్‌కి వేసుకోవాల్సిన లెక్క ఇదే. ముందు కొత్త గిటార్ రేటు చూడండి, తర్వాత అదే మోడల్ సెకండ్ హ్యాండ్‌లో ఎంతకు పోతోందో చూడండి. ఎంతకు యాడ్ పెట్టారో కాదు, ఎంతకు పోయిందో కనుక్కోండి, ఈ రెండింటికీ చాలా తేడా ఉంటుంది.

కాబట్టి నా సలహా సూటిగా చెప్తున్నా: గిటార్‌తో వచ్చిన ఒరిజినల్ పికప్‌లు ఇంట్లో ఉండి, గిటార్ బిగినర్ లేదా మధ్యరకం మోడల్ అయితే, ఊడదీసి విడిగా అమ్మండి. వేరే ఆలోచన అక్కర్లేదు.

మరి ఎప్పుడు అలాగే వదిలేయాలి

ఒరిజినల్ పికప్‌లు లేకపోతే మొదటి చిక్కు. మార్పించినప్పుడు షాపులోనే వదిలేసి వచ్చేవాళ్లు చాలామంది. అలాంటప్పుడు చవక సెరామిక్ పికప్‌లు కొని వేయొచ్చు, కానీ ఆ పికప్‌ల ఖరీదు, కూలీ, దానికి పట్టే సమయం తీసేస్తే మిగిలేది కొంచెమే. పైగా "స్టాక్ పికప్‌లు" (గిటార్‌తో వచ్చినవి) అని చెప్పే వీలుండదు, కొనేవాడు అడిగితే నిజం చెప్పాలి. ఒకే పికప్ మార్చిన గిటార్ అయితే అలాగే అమ్మేయడం మేలు.

రెండోది, చెక్క చెక్కించి ఉంటే. సింగిల్ కాయిల్ (ఒకే కాయిల్ ఉండే సన్నటి పికప్) ఉన్నచోట హంబకర్ పట్టేలా బాడీని గానీ పిక్‌గార్డ్‌ని (బాడీ మీది ప్లాస్టిక్ పలకని) గానీ కోయిస్తే, పాత పికప్ మళ్లీ పెట్టినప్పుడు చుట్టూ గుంత కనిపిస్తుంది. ఆ గిటార్ ఇప్పుడు ఆ హంబకర్‌తోనే అందంగా ఉంటుంది. స్ట్రాట్ వాళ్లు మాత్రం ఒకసారి అలమర వెతకండి. పాత పిక్‌గార్డ్ మొత్తం పికప్‌లు, పాట్‌లు (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింది భాగాలు), స్విచ్‌తో సహా అలాగే తీసి పెట్టుకుని ఉంటే అంతకంటే తేలిక లేదు. తీగలు వదులు చేసి, సాధారణంగా 11 స్క్రూలు విప్పి, జాక్‌కి వెళ్లే రెండు వైర్లు, వెనక ట్రెమొలో క్లా (స్ప్రింగులు తగిలించే లోహపు ముక్క) దగ్గర గ్రౌండ్ వైరు, ఈ మూడూ మార్చుకుంటే పని అయిపోతుంది. అప్పుడు కొత్త పిక్‌గార్డ్‌ని కూడా పికప్‌లు బిగించి ఉన్నట్టే అమ్మొచ్చు, సోల్డరింగ్ భయమున్నవాళ్లు అలాంటిదే ఇష్టపడతారు.

మూడోది యాక్టివ్ పికప్‌లు, అంటే బ్యాటరీతో నడిచేవి. ఈఎంజీ 81, 85 లాంటివి వేయించిన గిటార్‌ని వెనక్కి తిప్పడం అంటే పికప్‌లు మార్చడంతో అయ్యేది కాదు. వాటికి 9 వోల్ట్ బ్యాటరీ, దాన్ని ఆన్ ఆఫ్ చేసే స్టీరియో జాక్, 25కే (25 కిలో ఓమ్‌ల) పాట్‌లు ఉంటాయి. బ్యాటరీ అక్కర్లేని పాసివ్ హంబకర్లకి 500కే పాట్‌లు కావాలి. 25కే పాట్‌ల మీద పాసివ్ పికప్ పెడితే దుప్పటి కప్పినట్టు మూగగా మోగుతుంది. అంటే పాట్‌లు, జాక్, వైరింగ్ అన్నీ మార్చాలి. ఇంత చేసే ఓపిక లేకపోతే అలాగే ఉంచి మెటల్ వాయించేవాళ్లకే చూపించండి. వాళ్లకు ఆ సెటప్ రెడీగా దొరకడం నిజంగానే పనికొచ్చే విషయం, హైదరాబాద్‌లో మెటల్ వాయించే కుర్రాళ్లకు కొదవ లేదు, అడగాల్సిన చోట అడిగితే దొరుకుతారు.

ఇక అమెరికాలో తయారైన ఫెండర్, గిబ్సన్ లాంటి ఖరీదైన గిటార్ల సంగతి వేరు. అక్కడ ఒరిజినల్ భాగాలే విలువ. కొనేవాడు కంట్రోల్ క్యావిటీ (వైరింగ్ ఉండే గుంత) విప్పి సోల్డర్ జాయింట్లు ఎవరైనా ముట్టుకున్నారా అని కూడా చూస్తాడు. ఒరిజినల్ పికప్‌లు తిరిగి బిగించండి, బిగించినట్టు చెప్పండి. ఒకవేళ బిగించకుండా అమ్మితే, పాతవి కవర్లో పెట్టి గిటార్‌తో పాటే ఇవ్వండి. అవి విడిగా అమ్ముకుంటే మీకొచ్చే డబ్బుకంటే గిటార్ ధరలో పడే కోత ఎక్కువ.

ఇంకో చిన్న విషయం. యమహా పసిఫికా 612 లాంటి గిటార్లు ఫ్యాక్టరీ నుంచే సేమర్ డంకన్‌లతో వస్తాయి. దాన్ని "అప్‌గ్రేడెడ్ పికప్స్" అని యాడ్‌లో రాస్తే తెలిసినవాడు మీ మిగతా మాటలు కూడా నమ్మడు.

ఊడదీసేటప్పుడు

ముందు ఫోటోలు. క్యావిటీ విప్పగానే, దేన్నీ ముట్టుకోకముందే, వెలుతురులో నాలుగు వైపుల నుంచి తీయండి. ఏ వైరు ఎక్కడికి వెళ్తోందో ఇవే చెబుతాయి, తర్వాత పికప్‌లు అమ్మేటప్పుడు కూడా ఇవే పనికొస్తాయి.

వైర్ల రంగులు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి. సేమర్ డంకన్ నాలుగు వైర్ల హంబకర్‌లో నలుపు హాట్ (సిగ్నల్ వైరు), ఆకుపచ్చ, బేర్ వైరు కలిపి గ్రౌండ్, ఎరుపు తెలుపు ఒకదానికొకటి అతికించాలి. డిమార్జియోలో ఎరుపు హాట్, నలుపు తెలుపు ఒకదానికొకటి, ఆకుపచ్చ గ్రౌండ్. మాస్కింగ్ టేప్ ముక్క మీద రాసి వైరుకు అంటించేయండి. అన్నిటికంటే ముఖ్యం, కట్టర్‌తో వైరు కోయకండి, సోల్డర్ కరిగించి తీయండి. వైరు పొట్టిగా ఉంటే పికప్ ధర అక్కడే పడిపోతుంది, లెస్ పాల్ రకం గిటార్లలో నెక్ పికప్ వైరు కంట్రోల్స్ దాకా చాలా దూరం రావాలి, అది చాలదని తెలియగానే కొనేవాడు వెనక్కి తగ్గుతాడు. రింగులు, స్ప్రింగులు, స్క్రూలు పికప్‌కు ఏవి వచ్చాయో అవి ఒక జిప్ కవర్లో వేయండి. కంపెనీ డబ్బా ఉంటే ఇంకా మంచిది.

సోల్డరింగ్ ఐరన్ ఇంట్లో చాలామంది దగ్గర 25 వాట్లది ఉంటుంది. వైరు కొనలకి అది చాలు, కానీ పాట్ వీపు మీద గ్రౌండ్ అతికించాలంటే ఆ లోహం వేడెక్కాలి, 25 వాట్లతో చాలాసేపు పట్టుకోవాల్సి వస్తుంది, ఈలోపు పాట్ లోపల పాడైపోతుంది లేదా సోల్డర్ సరిగ్గా అంటదు. మెరుపు లేకుండా, గరుకు గరుకుగా ఉండలా నిలబడితే అది కోల్డ్ జాయింట్ అని అర్థం, పది రోజుల్లో కరకర మొదలవుతుంది. 40 వాట్లు, ఆపైన ఉన్న ఐరన్ తీసుకోండి. సోల్డర్ వైరు, విక్ (పాత సోల్డర్‌ని పీల్చే రాగి అల్లిక), జాక్ లాంటివన్నీ కోఠి గుజరాతీ గల్లీలో చూడండి, గిటార్ భాగాలని అడగకుండా ఎలక్ట్రానిక్స్ సామాను అని అడగండి. చేయి తిరగనివాళ్లు టెక్నీషియన్‌కి ఇవ్వడమే మేలు. కాకపోతే ఇచ్చే ముందే "పాత పికప్‌లు పెట్టాలి, తీసినవి వైరు కోయకుండా నాకివ్వాలి" అని స్పష్టంగా చెప్పండి.

పాత పికప్‌లు పెట్టాక ఎత్తు సరిచేయడం మర్చిపోకండి. తీగకు మరీ దగ్గరగా ఉంటే సింగిల్ కాయిల్ అయస్కాంతం తీగను లాగి శ్రుతి వింతగా తేలుతుంది, మరీ కిందకుంటే పీలగా వినిపిస్తుంది. కొత్త తీగల సెట్ ఒకటి వేయండి, పాట్‌లలో కాంటాక్ట్ క్లీనర్ కొట్టండి. మొదటిసారి చేతిలోకి తీసుకున్నవాడు వాల్యూమ్ తిప్పగానే కరకరమంటే పికప్ ఏదైనా సరే, బేరం అక్కడే సగం చస్తుంది.

ఎక్కడ అమ్మాలి

చాలామంది దీన్ని వేరే ప్రశ్నగా చూస్తారు కానీ, నా దృష్టిలో పై ప్రశ్నకు జవాబు దీనితోనే ముడిపడి ఉంది. ఏ రూపంలో అమ్ముతున్నారో దాన్ని బట్టే ఎక్కడ అమ్మాలో తేలుతుంది.

మ్యూజిక్ షాపులో ఎక్స్ఛేంజ్ ఇస్తే ఆ రోజే పని అయిపోతుంది, అబిడ్స్ వైపో సికింద్రాబాద్ వైపో వెళ్లి రెండు మూడు చోట్ల అడిగితే రేటు అర్థమవుతుంది. కానీ షాపువాళ్లు మళ్లీ అమ్మి లాభం చూసుకోవాలి, కాబట్టి తక్కువే చెబుతారు, అందులో తప్పు లేదు. వాళ్లు చూసేది మోడల్, ఫ్రెట్‌ల (నెక్ మీది లోహపు కడ్డీల) అరుగుదల, నెక్ వంపు. పికప్‌లకు రూపాయి కలపరు. అందుకే షాపుకు తీసుకెళ్లేటట్టయితే ఆ పికప్‌లు తీసేసి, పాతవి బిగించి మాత్రమే వెళ్లండి. అర్జంటుగా డబ్బు కావాలి, లేదా అదే షాపులో ఇంకో గిటార్ తీసుకుంటున్నారు అంటే ఈ దారి బాగుంటుంది, లేకపోతే చివరి దారిగా ఉంచుకోండి.

ఆన్‌లైన్ క్లాసిఫైడ్స్‌లో రేటు బాగా వస్తుంది, ఓపిక కావాలి. స్టాక్ పికప్‌లతో ఉన్న మామూలు గిటార్‌కి సరైన చోటు ఇదే, ఎందుకంటే ఇక్కడికి వచ్చేది మోడల్ పేరు వెతికే జనం. కాలేజీలు తెరిచే రోజుల్లోనూ, చర్చిల్లో క్రిస్మస్ ప్రాక్టీసులు మొదలయ్యే నవంబర్‌లోనూ యాడ్ పెట్టి చూడండి.

పికప్‌లతో సహా అలాగే అమ్మాలనుకుంటే మాత్రం తెలిసిన వాద్యకారుల మధ్యే తిరగాలి. జామ్ ప్యాడ్‌ల (బ్యాండ్‌లు గంటల లెక్కన తీసుకునే ప్రాక్టీస్ గదుల) నోటీసు బోర్డులు, కాలేజీ బ్యాండ్‌లు, గిటార్ నేర్పే మాస్టార్లు, సికింద్రాబాద్ చర్చి బ్యాండ్‌లలో వాయించేవాళ్లు. వీళ్లు విని కొంటారు. ముఖ్యంగా గిటార్ మాస్టారు ఒకరికి చెప్పి పెట్టండి, బిగినర్ గిటార్ నుంచి పైమెట్టుకు వెళ్దామనుకునే శిష్యుడు ఎప్పుడూ ఒకడుంటాడు, "సార్ విని చూశారు" అన్న ధైర్యం ఆ కుర్రాడికి పికప్ పేరు కంటే ఎక్కువ పనిచేస్తుంది.

విడి పికప్‌లకు ఊరు అడ్డం కాదు. బెంగళూరు, కోల్‌కతా, షిల్లాంగ్, ఎక్కడైనా సరే చిన్న డబ్బాలో కొరియర్ అయిపోతుంది. కొత్తది బయటి నుంచి తెప్పించుకుంటే షిప్పింగ్, కస్టమ్స్ కలిసి భారమవుతుంది కాబట్టి వాడిన మంచి పికప్‌కు దేశమంతా అడిగేవాళ్లున్నారు. అదే మొత్తం గిటార్ అయితే హార్డ్ కేస్, హెడ్‌స్టాక్ కింద మెత్త, ఇంత ప్యాకింగ్ చేసినా దారిలో ఏమవుతుందో అని టెన్షన్. వరంగల్, విజయవాడ లాంటి చోట్లకు పంపాల్సి వస్తే బోల్ట్ ఆన్ నెక్ (స్క్రూలతో బాడీకి బిగించింది) అయితే విప్పి బాడీ, నెక్ విడివిడిగా చుట్టి పంపండి. వీలైతే అతన్నే వచ్చి చూసుకుని తీసుకెళ్లమనండి.

నమ్మకం కలిగించడం

మార్కెట్లో నకిలీ పికప్‌లు తిరుగుతున్నాయి కాబట్టి అడిగేవాడి అనుమానం న్యాయమైనదే. వెనక బేస్‌ప్లేట్ ఫోటో, స్టిక్కర్, కొన్నప్పటి బిల్లు ఉంటే బిల్లు. ఇవి కాకుండా ఇంకోటి చేయండి. మల్టీమీటర్‌తో రెసిస్టెన్స్ కొలిచి ఆ రీడింగ్ కనిపించేలా ఫోటో పెట్టండి. సేమర్ డంకన్ జేబీ దాదాపు 16.4 కిలో ఓమ్‌లు ఉంటుంది. గిటార్‌లో ఉండగానే కొలవాలంటే కేబుల్ ఒక కొస జాక్‌లో పెట్టి, రెండో కొస ప్లగ్ మొన మీద ఒక ప్రోబ్, కాండం మీద ఒక ప్రోబ్ ఆనించి, వాల్యూమ్ పూర్తిగా తిప్పి, సెలెక్టర్ ఆ ఒక్క పికప్ మీదే ఉంచండి. 500కే పాట్ పక్కన సమాంతరంగా ఉంటుంది కాబట్టి 16.4 బదులు 15.9 దగ్గర చూపిస్తుంది. అది లోపం కాదు, అలా చూపిస్తేనే సరి. ఈ సంఖ్య ఒక్కటే అసలుదని రుజువు చేయదు, కానీ 8 చూపిస్తే మాత్రం అది జేబీ కాదు, లేదా ఒక కాయిలే పనిచేస్తోంది.

చూడ్డానికి వచ్చినవాళ్లను మెట్రో స్టేషన్ దగ్గర కలవడం మామూలు వస్తువులకు సరే, ఎలక్ట్రిక్ గిటార్‌కు కుదరదు. ప్లగ్ చేసి వినకుండా పికప్ గురించి ఏం చెప్పినా గాల్లో మాటే. ఇంటికి రానివ్వడం ఇష్టం లేకపోతే జామ్ ప్యాడ్‌లో గంట తీసుకోండి, లేదా గిటార్ జాక్‌కే తగిలించే హెడ్‌ఫోన్ యాంప్ ఒకటి వెంట ఉంచుకోండి. ముందు క్లీన్ టోన్‌లో వాయించనివ్వండి, డిస్టార్షన్ తర్వాత. చిన్న స్క్రూడ్రైవర్‌తో ప్రతి పికప్ పోల్ మీద మెల్లగా తట్టి చూపిస్తే ఏ స్విచ్ పొజిషన్‌లో ఏది పనిచేస్తోందో అతనికే వినిపిస్తుంది. కాయిల్ స్ప్లిట్ (హంబకర్‌లో ఒక్క కాయిలే మోగేలా చేసే ఏర్పాటు) ఉంటే నాబ్ పైకి లాగి చూపించండి. పనిచేయనిది ఏదైనా ఉంటే అడగకముందే చెప్పండి, బేరం కొంచెం తగ్గినా కొన్నాక మనిషి ఫిర్యాదుతో మళ్లీ ఫోన్ చేయడు.

డబ్బు దగ్గర జాగ్రత్త. గిటార్ చూడకుండానే పూర్తి రేటుకు ఒప్పుకుని, ఆర్మీలో పనిచేస్తున్నానని చెప్పి, డబ్బు పంపడానికి క్యూఆర్ కోడ్ పంపితే ఫోన్ పెట్టేయండి. యూపీఐలో డబ్బు రావడానికి స్కాన్ చేయక్కర్లేదు, పిన్ కొట్టక్కర్లేదు. పిన్ అడిగిందంటే మీ అకౌంట్ నుంచి పోతోందని అర్థం. పొరపాటున పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. చేతికి డబ్బు వచ్చిందని అవతలివాడు చూపించే స్క్రీన్‌షాట్ కాకుండా, మీ బ్యాంక్ యాప్‌లో బ్యాలెన్స్ చూసుకున్నాకే గిటార్ ఇవ్వండి.

యాడ్‌లో రాసేటప్పుడు మోడల్ పేరే ముందు. పికప్‌లతో అమ్ముతుంటే ఇలా రాయండి (హెచ్‌ఎస్‌ఎస్ అంటే ఒక హంబకర్, రెండు సింగిల్ కాయిల్‌లు): "స్క్వయర్ అఫినిటీ స్ట్రాట్, హెచ్‌ఎస్‌ఎస్, బ్రిడ్జ్‌లో జేబీ, ఒరిజినల్ పికప్ కూడా ఇస్తాను, ఫ్రెట్‌లు బాగున్నాయి, వాల్యూమ్ నాబ్ మీద గీత ఉంది, మియాపూర్‌లో ప్లగ్ చేసి చూసుకోవచ్చు." ఆ గీత ఫోటో కూడా పెట్టండి. విడదీసి అమ్ముతుంటే రెండు యాడ్‌లు పెట్టండి కానీ, గిటార్ యాడ్‌లో పికప్‌ల ఊసే వద్దు, "మరి అవి కూడా ఇచ్చేయండి అన్నా" అనే బేరం మొదలవుతుంది. మూడు నాలుగు వారాలైనా ఎవరూ రాకపోతే ముందు గిటార్ రేటు తగ్గించండి. పికప్‌ల రేటు మాత్రం ఇంకొన్నాళ్లు అలాగే ఉంచండి, అవి డ్రాయర్‌లో ఎన్నాళ్లున్నా పాడవవు, సరైనవాడు దొరికేదాకా ఆగొచ్చు.